వెనకాల నీలం మచ్చ

కురోహామా,
8 సెప్టెంబరు 1974

మామయ్యకి,

చేరాను, దిగాను, తిన్నాను, మొదటి రోజే మూడు రీళ్ళు కాల్చేశాను!

సువా స్టేషన్లో రైలు కదులుతుంటే కిటికీలోంచి నా ఒళ్ళో పడేశావు చూడు ఆ లెన్సు, దాన్ని ఏమని పొగడను? నాగోయా పత్రికలో పనిచేసిన ఆరేళ్ళలో ఇలాంటిది నా చేతికి రాలేదు. వెలుతురు లోపలికొచ్చే దాని కన్ను పూర్తిగా తెరిచి, ఎండు చేపలమ్మే ఫుకు అవ్వ మొహం మీద నిలిపాను. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. వెనకున్న బజారంతా వెన్నలా కరిగిపోయింది. నేను అక్కడే నిలబడి గట్టిగా నవ్వేశాను. "ఏమే, నా మొహంలో అంత నవ్వేముంది?" అని అవ్వ చేపల మీద ఈగలు తోలే విసనకర్రతో నా చేతి మీద ఒకటిచ్చింది.

ఊరగాయలమ్మే కినుయే గారి ఇంట్లో, మేడ మీద గదిలో దిగాను. కిందనుంచి ముల్లంగి వాసన, పైన నేను. బజారు ఆడవాళ్ళ సంఘానికి పెద్ద ఆవిడే. వచ్చిన రోజే నన్ను కూర్చోబెట్టి సంగతంతా చెప్పింది. ఈ పొద్దుటి బజారు వీధిని కార్ల రోడ్డు చేసి, వీళ్ళందరినీ స్టేషను వెనక సిమెంటు హాల్లోకి పంపాలని పట్టణ సభలో కొందరి పట్టు. డిసెంబరు రెండున ఓటు. దానికి ముందు పది రోజులు టౌన్ హాల్లో నా ఫోటోలు ఇరవై నాలుగు పెడతారు. నలుపు తెలుపు వద్దట, చేపలూ పళ్ళూ రంగుల్లో కనబడాలట.

"మాకు సభలో మాట్లాడ్డం రాదు పిల్లా. నువ్వు తీసే ఫోటోలే మా నోరు" అంది కినుయే గారు.

భయం వేసింది. దానికి రెండింతలు సంతోషం వేసింది. ఇన్ని ఊళ్ళుండగా కురోహామాకే వెళ్ళమని ఎందుకు పట్టుబట్టావో గానీ, నీ నోట్లో చక్కెర పొయ్యాలి. రంగు ప్రింట్లు ఇటోయిగావా స్టూడియోలో వేయించాలి. వారం పడుతుంది. రాగానే పంపుతాను.

చిహారు


కామి-సువా,
19 సెప్టెంబరు 1974

చిహారుకి,

ఉత్తరం మొదట్లో వాతావరణం గురించి రాయాలి కాబట్టి రాస్తున్నాను. బాగుంది.

ప్రింట్లు అందాయి. మా లెన్సుల కార్ఖానాలో పరీక్ష బల్ల మీద పరిచి, భూతద్దం పెట్టి చూశాను. పక్క బల్లవాళ్ళు కూడా మూగారు. వాళ్ళు అవ్వ కనురెప్పలు చూసి ఆహా అన్నారు. వెర్రివాళ్ళు. పదునుగా ఉన్నచోట లెన్సు గొప్పతనం ఎవడికైనా కనిపిస్తుంది. మసకగా ఉన్నచోట చూడాలి.

నీకు చిన్నప్పుడు చెప్పాను, మళ్ళీ చెబుతాను. చీకటి గదిలో ఆ చివర సూది బెజ్జమంత దీపం పెట్టి, లెన్సుని కావాలని తప్పుగా తిప్పితే దీపం గుండ్రటి మచ్చ అవుతుంది. ఆ మచ్చకి అంచు గట్టిగా ఉందంటే లెన్సు పాడు. వెనక ఉన్న కొమ్మలూ తాళ్ళూ ఫోటోలో రెండేసి గీతలై కళ్ళు పీకుతాయి. మచ్చ అంచు ఎక్కడ అయిపోయిందో తెలియకుండా కరిగిపోతే, అదీ లెన్సంటే. ఈ లెన్సుకి ఆ మసక తేవడానికి, పని వేళలయ్యాక పద్నాలుగు నెలలు అరగదీశాను. కాబట్టి నాకో మాటివ్వు. దీని కన్ను ఎప్పుడూ పూర్తిగా తెరిచే తియ్యి. చికిలించి తీస్తే వెనకంతా పదునుగా వచ్చి ఊరుకుంటుంది. దానికి నా లెన్సెందుకు, సంతలో దొరికే లెన్సు చాలు.

ఫోటోలు చాలా బాగున్నాయి. ఫుకు అవ్వ ఏదో పాత సంగతి తలుచుకుంటున్నట్టుంది. గుండె పట్టేసింది.

ఒక్క చిన్న ప్రశ్న. ఆరో ఫోటోలో అవ్వ ఎడమ భుజం వెనక ఒక నీలం మచ్చ ఉంది. అదేమిటి? ఊరికే అడిగాను.

తొకుజి మామయ్య


కురోహామా,
30 సెప్టెంబరు 1974

మామయ్యకి,

కూర్చుని చదువు. నేను ఈ ఊళ్ళో పదకొండుమందిని చంపేశాను!

నిన్న పొద్దున బజారులో ప్రింట్లు పంచాను. ఎవరి ఫోటో వాళ్ళకి. ఎగిరి గంతేస్తారనుకున్నాను. ఫుకు అవ్వ తన ఫోటో చేతిలోకి తీసుకుని, కాసేపు చూసి, చేపల బుట్టకి ఆనించి నిలబెట్టి, దానికి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది. తన ఫోటోకి తనే!

"ఎంత బాగా పోయానో" అంది.

నాకు అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. తరవాత సిగ్గుతో చచ్చాను. అమ్మమ్మ పోయినప్పుడు పీఠం మీద పెట్టడానికి ఫోటో చేయించింది నువ్వే కదా? పెళ్ళి గుంపు ఫోటోలోంచి మొహం కత్తిరించి, పక్కనున్న పెద్దమామయ్య భుజం చెరిపేసి, వెనకంతా బూడిదరంగు మసక పూసి, నల్ల కిమోనో అతికించి ఇచ్చాడు స్టూడియోవాడు. వెనక ఏమీ లేని మొహం చూస్తే ఈ దేశంలో ఎవరికైనా గుర్తొచ్చేది అదొక్కటే. నేను కన్ను పూర్తిగా తెరిచి, పదకొండుమంది వెనకా బజారుని చెరిపేసి, తీసుకెళ్ళి చేతుల్లో పెట్టాను.

అందరూ ఒకలా లేరులే. కినుయే గారి మొగుడు ఫోటో చూసి, "మా ఆవిడ ఇంకా బతికే ఉంది, తీసుకుపో దీన్ని" అని అరిచాడు. రొయ్యలావిడ కోడలు అయితే ఫోటోని పట్టుబట్టలో చుట్టి, దేవుడి గూడు సొరుగులో దాచేసింది, "పనికొస్తుంది" అని. అత్తగారు పక్కనే ఉంది!

అసలు తమాషా ఈ పొద్దున జరిగింది. ఆరున్నరకి కెమెరా పట్టుకుని వెళ్ళేసరికి, నలుగురు ముసలమ్మలు నల్ల కిమోనోలు కట్టుకుని, జుట్టుకి నూనె రాసుకుని, కలరా ఉండల వాసనతో వరసగా నిలబడ్డారు. మాకూ తియ్యమని. మళ్ళీ ఇంత బాగా తీసేవాళ్ళు దొరకరట. చేపలు కొనడానికి వచ్చినవాళ్ళు ఎవరో పోయారనుకుని టోపీలు తీసేశారు. పగలబడి నవ్వాను, తీశాను కూడా. కానీ గదికి వచ్చి కూర్చుంటే నవ్వు పోయింది. ఓటుకి రెండు నెలలే ఉంది. నా దగ్గరున్నవి బజారు ఫోటోలా, చావు ఫోటోలా?

నీలం మచ్చ సంగతి కనుక్కుంటాను. నీకెందుకు అది?

చిహారు


కామి-సువా,
6 అక్టోబరు 1974

చిహారుకి,

నీ ఉత్తరం పని మధ్యలో చదివాను. నవ్వు ఆపుకోలేక చేతిలో ఉన్న అద్దం గీసుకుపోయింది. ఆ నష్టం నీ ఖాతాలోనే.

అయినా ముసలమ్మలు మెచ్చుకున్నారు కదా. చావు పీఠం మీదకి ఎవరూ చెడ్డ ఫోటో ఎంచుకోరు. వాళ్ళ మొహాల్లో ఉన్న ఆ దిగులు, ఆ నిమ్మళం నా మసక తెచ్చిందే. దాన్ని వదులుకోకు. బజారు గురించి సభవాళ్ళ మనసు కరగాలంటే అదే కావాలి. కన్ను తెరిచే తియ్యి. మాటిచ్చావో లేదో నీ ఉత్తరంలో కనబడలేదు.

కొత్త ప్రింట్లలో తొమ్మిదింటిలో ఆ నీలం మచ్చ ఉంది. ఎప్పుడూ వెనక మసగ్గా కనబడే వంతెన వైపు మూలనే. మనిషి అనుకుంటాను. కూర్చున్న మనిషి. ఒక దాంట్లో మచ్చ కాస్త ముందుకి వంగింది, చేతులతో ఏదో పని చేస్తున్నట్టు. ఎవరు?

వాతావరణం రాయడం మరిచాను. చల్లబడింది.

తొకుజి మామయ్య


కురోహామా,
14 అక్టోబరు 1974

మామయ్యకి,

ఒకటి చెడ్డ కబురు, ఒకటి వింత కబురు.

చెడ్డది ముందు. సభలో రోడ్డు కావాలంటున్న హగివారా గారు ఊరగాయ కొనడానికి వచ్చి, కినుయే గారి కొట్లో గోడకి అంటించిన నా ఫోటోలు చూశాడు. చెడ్డవాడేం కాదు, బట్టల కొట్టు ఆయనది, నెమ్మదస్తుడు. ఒక్కో ఫోటో ముందూ నిలబడి చూశాడు. కళ్ళు కూడా చెమర్చాయి. నా గుండె ఎగిరింది. అప్పుడన్నాడూ:

"పాపం, ఒక్కో ముసలమ్మ ఒంటరిగా. వెనక పురుగు కూడా లేదు. ఈ చలిలో ఎవరి కోసం కూర్చుంటున్నారమ్మా వీళ్ళు? వెచ్చటి హాలు కట్టిద్దాం. ఈ ఫోటోలు మా కరపత్రంలో వేసుకోవచ్చా?"

వింటున్నావా మామయ్యా? వాళ్ళ నోరు అవుతాయనుకున్న ఫోటోలు అవతలివాళ్ళ నోరు అయ్యాయి. ఆ రోజు ఫుకు అవ్వ వెనక కనీసం నలభైమంది ఉన్నారు. బుట్టల మీద పడి బేరాలాడుతున్నారు. నా లెన్సు వాళ్ళని మింగేసింది. కినుయే గారు ఆ పూట అన్నంలోకి నాకు అడక్కుండానే రెండు చేపలు వేసింది. తిట్టినా బాగుండేది.

ఇక వింత కబురు. నీ నీలం మచ్చ దొరికింది. కత్తులకి పదునుపెట్టే మత్సుయో అత్త. యాభై ఎనిమిదేళ్ళుంటాయి. నీలం నేతకోటు, ముందు నీళ్ళ తొట్టి, నాలుగు సానరాళ్ళు. వంతెన మూలన కూర్చుంటుంది. నన్ను మాత్రం దగ్గరకి రానివ్వదు. "ఆ గొట్టంలో ఏముంటుందో నాకు తెలుసు, నా వైపు తిప్పకు" అంటుంది ఎప్పుడూ.

నిన్న నేను మొహం వేలాడేసుకుని ఆవిడ తొట్టి పక్కన కూలబడ్డాను. ఏమనుకుందో, చెయ్యి చాచి, "ఇటియ్యి" అంది. కెమెరా తీసుకుంది. అప్పుడే పదునుపెట్టిన కత్తిని ఎండలో ఆనించి నిలబెట్టింది. దాని మొన మీద సూది బెజ్జమంత మెరుపు. కెమెరా కంటికి పెట్టుకుని, లెన్సుని కావాలని తప్పుగా తిప్పింది. మామయ్యా, నువ్వు దీపాన్ని చూసినట్టే!

చాలాసేపు చూసింది. దించి, "సువా చెయ్యి. మచ్చ బాగుంది. ఎడమ అంచు మాత్రం పలచన. వీడికి ఇంకా అక్కడికొచ్చేసరికి తొందరే" అంది.

"ఎవరికి అత్తా?" అని అడిగితే, "అరగదీసినవాడికి" అని తొట్టిలో చెయ్యి కడుక్కుంది.

ఇంకో మాట కూడా చెప్పింది, అది నా పని గురించి. తరవాత రాస్తాను. ముందు నువ్వు చెప్పు. ఆవిడ నీకు తెలుసు కదూ?

చిహారు


కామి-సువా,
18 అక్టోబరు 1974

చిహారుకి,

ఆమె ఎడమ బొటనవేలి మీద కాలిన మచ్చ ఉందా? అద్దాలు అరగదీసే తారు వేడిగా ఉన్నప్పుడు పడితే అలా అవుతుంది. ఉంటే ఉంది అని ఒక్క మాట రాయి.

ఎడమ అంచు సంగతి తప్పు. అద్దం మళ్ళీ దీపానికి పెట్టి చూశాను, అదే వరసలో చేసిన ఇంకోటి ఉంది నా దగ్గర. తప్పు కాదు. ఎడమ అంచు పలచనే. పద్నాలుగు నెలల్లో నాకు కనబడలేదు, ఇక్కడ ఎవరికీ కనబడలేదు.

నా పేరు ఆమెకి చెప్పకు. చెప్పేస్తే చెప్పానని రాయి.

కార్ఖానాలో పని ఎక్కువగా ఉంది. కొన్నాళ్ళు ఉత్తరాలు రాయలేను.

తొకుజి


కురోహామా,
12 నవంబరు 1974

మామయ్యకి,

మచ్చ ఉంది. నీ పేరు చెప్పలేదు. ఆవిడా అడగలేదు.

ఇప్పుడు నీకో నేరం ఒప్పుకోవాలి. నేను లెన్సు కన్ను చికిలించాను. దాని చుట్టూ ఉన్న అంకెల్లో పదకొండు మీదకి. అక్టోబరు పద్నాలుగు నుంచీ అంతే. నువ్వు బాధపడతావని దాచాను. మత్సుయో అత్త చెప్పిన రెండో మాట అదే.

"ఇంత కన్ను తెరుచుకుని చూస్తే ఎదురుగా ఉన్నదొక్కటే కనబడుతుంది పిల్లా. దూరంగా ఉన్నది చూడాలనుకున్నప్పుడు మనిషి ఏం చేస్తాడు? కళ్ళు చికిలిస్తాడు. చికిలించు. మా వీధిని మాకియ్యి."

మర్నాడే పరీక్ష చేశాను. ఫుకు అవ్వ నవ్వుతోంది. అదే నవ్వు, అదే ఎండ, ఒకదాని వెంట ఒకటి రెండు ఫోటోలు. మొదటిది కన్ను తెరిచి, రెండోది చికిలించి. ప్రింట్లు పక్కపక్కన పెట్టి చూస్తే నమ్మలేకపోయాను. మసకలో ఆ నవ్వు పోయినవాళ్ళని తలుచుకుని నవ్వే నవ్వు. గుండె పట్టేస్తుంది, నువ్వన్నట్టే. రెండో దాంట్లో వెనక కినుయే గారు కాలు జారి ముల్లంగి బుట్టలో కూర్చుండిపోయి ఉంది! అవ్వ నవ్వుతున్నది అందుకు! ఇన్నాళ్ళూ నేను అవ్వ మొహంలో దిగులు తీస్తున్నాననుకున్నాను. నవ్వుకి కారణాన్ని చెరిపేసి, మిగిలినదానికి దిగులని పేరు పెట్టుకున్నాను, అంతే.

నీ మసకని తిట్టడం లేదు. ఒకటి ఉంచుకున్నాను. బజారు ఎత్తేశాక అవ్వ ఒక్కతే చాప చుట్టుకుంటున్నది. అక్కడ నిజంగానే వెనక ఎవరూ లేరు. అక్కడ నీ లెన్సు చెప్పింది అక్షరాలా నిజం. మిగతా ఇరవై మూడూ చికిలించినవే. ఎంత గోలగా ఉన్నాయో! ఒక్కో ఫోటోలో ముప్పై నలభైమంది. మూలల్లో పిల్లి చేప ఎత్తుకుపోతుంటుంది, ఎవరో తుమ్ముతుంటారు. రోజుకి పద్దెనిమిది గంటలు పనిచేస్తున్నా అలుపే లేదు.

అసలు సంగతికి వస్తున్నాను. నిన్న ఇటోయిగావా నుంచి నవంబరు మూడు నాటి ప్రింట్లు వచ్చాయి. ఆ రోజు సెలవు, ఆదివారం, వీధి కిక్కిరిసింది. మత్సుయో అత్త మొదటిసారి నన్ను తియ్యనిచ్చిన రోజు. పదిహేడో ఫోటో. ముందు అత్త, కత్తిని వేలిమీద ఆనించి చూసుకుంటోంది. వెనక పది పన్నెండు అడుగుల దూరంలో ఎండు పళ్ళ దండలు వేలాడుతున్నాయి. ఆ దండల మధ్య, గోధుమరంగు టోపీ, మెడలో కార్ఖానా తువ్వాలు, చంకలో సంచి, నోరు కాస్త తెరుచుకుని అత్త వీపు వైపే చూస్తూ ఒకాయన.

నేను కెమెరా ఎత్తడం చూసి ఉంటావు. కదలలేదు. ఎందుకు కదులుతావు? నీ లెన్సు కన్ను తెరిచి తీస్తున్నానని నీ ధీమా. పది అడుగుల వెనక నిలబడితే ఎవడైనా గోధుమరంగు మచ్చే కదా!

మామయ్యా, నీ చొక్కా గుండీలు లెక్కపెట్టుకోవచ్చు.

చిహారు


కామి-సువా,
16 నవంబరు 1974
(పోస్టు కార్డు)

చిహారుకి,

అలాంటి టోపీలు ఈ దేశంలో లక్ష ఉంటాయి. నవంబరు మూడున నేను ఇంట్లో ముల్లంగి ఊరవేసుకుంటున్నాను. లెన్సు నీది, ఎలా వాడుకుంటావో నీ ఇష్టం. చలి ఎక్కువైంది.

తొకుజి


కురోహామా,
4 డిసెంబరు 1974

మామయ్యకి,

గెలిచాం! గెలిచాం! పద్నాలుగుకి ఎనిమిది. బజారు వీధిలోనే ఉంటుంది! గంతులేస్తూ రాస్తున్నాను, అక్షరాలు చూసి తిట్టకు.

వరసగా చెబుతాను. నవంబరు ఇరవై రెండున టౌన్ హాల్లో ఫోటోలు పెట్టాం. మొదటి రోజు బజారువాళ్ళే వచ్చారు. రెండో రోజు నుంచి ఊరు ఊరంతా! ఎందుకో తెలుసా? తమని తాము వెతుక్కోవడానికి. పిల్లలు కుర్చీలెక్కి, ముక్కులు ఆనించి, "అదుగో మా నాన్న", "ఇదుగో మన సైకిలు" అని ఒకటే అరుపులు. ఎవరూ ముందున్నవాళ్ళని చూడరే! అందరూ వెనకే చూస్తారు. మూడో రోజుకి ప్రతి ఫోటో కింద ఒక కాగితం అంటించాం, కనిపించినవాళ్ళ పేర్లు రాయమని. ఓటు నాటికి పేర్లు ఆరువందలు దాటాయి.

నాలుగో రోజు హగివారా గారు భార్యతో వచ్చాడు. తొమ్మిదో ఫోటో ముందు ఆవిడ ఆగిపోయింది. ముందు రొయ్యలావిడ. వెనక కుడివైపు చివర, కినుయే గారి కొట్టు పక్క సందులో, చెయ్యి అడ్డం పెట్టుకుని ఊరగాయ ముల్లంగి నములుతున్న పెద్దమనిషి.

"ఉప్పు తినొద్దని వైద్యుడు చెప్పి రెండేళ్ళయింది కదండీ?" అందావిడ, నెమ్మదిగానే. హాలంతా వినపడింది.

హగివారా గారి మొహం ముల్లంగిలాగే తెల్లబడింది. ఫుకు అవ్వ ఊరుకుంటుందా? "అమ్మా, మీ ఆయన వారానికి మూడుసార్లు వస్తాడు. మేం ఎవరి కోసం చలిలో కూర్చుంటున్నామని అడిగాడు కదా, ఇదుగో ఈయన కోసమే!" అంది. గోడలు అదిరేలా నవ్వారు జనం. పాపం ఆయనా నవ్వేశాడు. కలం తీసుకుని, ఫోటో కింద కాగితం మీద తన పేరు తనే రాసుకున్నాడు. ఓటు రోజున ఆయన చెయ్యి మనవైపే లేచింది. ఆయన వెంట ఇంకో ముగ్గురు. ఫలితం చెప్పగానే కినుయే గారు నన్ను కావలించుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఎందుకు దాచాలి?

ఇక పదిహేడో ఫోటో.

దాన్నీ పెట్టాను. నువ్వు కాదన్నావు కదా, నీకు అభ్యంతరం ఉండకూడదు. దాని కింద కాగితం మీద అందరి పేర్లూ నిండాయి, టోపీ ఆయనకి తప్ప. ఫుకు అవ్వ మాత్రం గుర్తుపట్టింది. "ఈయన ఆ రోజు నా దగ్గర ఎండు చేపలు కట్టించుకుని, డబ్బులిచ్చి, చేపలు మర్చిపోయి పోయాడు. వంతెన వైపు చూస్తూ చూస్తూ పోయాడు" అంది. పొట్లం ఇంకా దాచి ఉంచింది. ఇంట్లో ముల్లంగి ఊరవేసుకునేవాళ్ళకి ఎండు చేపలు కూడా కావాలేమో.

మత్సుయో అత్త చివరి రోజు వచ్చింది, జనం పలచబడ్డాక. నేరుగా పదిహేడు దగ్గరకి వెళ్ళింది. తన మొహం చూసుకోలేదు. జేబులోంచి భూతద్దం తీసి వెనక చూసింది. ఎంతసేపు చూసిందో చెప్పలేను.

"ముసలాడైపోయాడు" అంది.

తరవాత, "రైలెక్కి అన్ని కొండలు దాటొచ్చినవాడికి పది అడుగులు ఎక్కువయ్యాయా?" అంది.

తలుపు దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "వాడి వంటింటి కత్తి మొద్దుబారిపోయుంటుంది. ఒక్కడే ఉంటాడుగా, పదును ఎవరు పెడతారు? తెచ్చుకోమను. వరసలో నిలబడమను, అందరిలాగే."

కలం తీసుకుని, కాగితం మీద ఆఖరి పేరు ఆవిడే రాసింది. తొకుజి అని.

మామయ్యా, ఆవిడకి నువ్వేం చేశావు?

చిహారు


కామి-సువా,
9 డిసెంబరు 1974

చిహారుకి,

వాతావరణం తరవాత. నువ్వు గెలిచినందుకు కార్ఖానాలో అందరికీ తీపి పంచాను. ఇరవై ఎనిమిదేళ్ళ నౌకరీలో నేను ఏదైనా పంచడం ఇదే మొదలని వాళ్ళు రెండు రోజులుగా ఏడిపిస్తున్నారు.

అడిగావు కాబట్టి చెబుతాను. దీపాన్ని తప్పుగా తిప్పి మచ్చని చూడాలని నీకు నేర్పింది నేను. నాకు నేర్పింది మత్సుయో. అద్దాలు అరగదీసే గదిలో ఆమె నాకన్నా రెండేళ్ళు పెద్ద. అప్పటిదాకా అందరం పదునే చూసేవాళ్ళం. పనయ్యాక గది ఊడుస్తూ, ఎవరూ చెప్పకుండా ఆమె కనిపెట్టింది. నాకొక్కడికే చూపించింది.

1950లో టోక్యో నుంచి పెద్దలు వచ్చారు. ఈ పరీక్ష కనిపెట్టింది ఎవరని అడిగారు. దీపం ముందు ఆ నిమిషాన నేను ఉన్నాను. ఆమె నా వెనక నిలబడి ఉంది. మా గది పెద్ద నా భుజం తట్టాడు. ఆమె అని చెప్పడానికి నాకు ఎంతసేపు పడుతుంది? ఒక్క మాట. నేను తలవంచి నమస్కారం పెట్టాను. ఆ నమస్కారంతో పరీక్ష బల్ల నాదైపోయింది. ఆ తరవాతి వసంతానికి ఆమె కార్ఖానా వదిలి వెళ్ళిపోయింది. వాళ్ళది కురోహామా అని మాత్రం తెలుసు.

ఆ రోజు తీసిన ఫోటో నా బల్ల పైన గోడకి ఇరవై నాలుగేళ్ళుగా ఉంది. నువ్వూ చూశావు చిన్నప్పుడు. ముందు వరసలో నేను, పదునుగా, గుండీలతో సహా. వెనక వరసలో ఆడవాళ్ళంతా మసక. ఎడమనుంచి మూడో మచ్చ ఆమె. ఎంత భూతద్దం పెట్టినా మొహం రాదు. రోజూ పెట్టి చూస్తూనే ఉన్నాను. అందుకే నీ ఫోటోల్లో మచ్చ కనబడగానే ఆగలేకపోయాను. నిన్ను ఆ ఊరికి పంపింది కూడా అందుకే. నిన్ను అడ్డం పెట్టుకున్నాను. క్షమించు.

నవంబరు మూడున ఆ పళ్ళ దండల వెనక గంటన్నర నిలబడ్డాను. ఏం చెప్పాలో రైల్లో వందసార్లు అనుకున్నాను. ఆమె కత్తి ఎత్తి వేలిమీద ఆనించుకోగానే అన్నీ మరిచిపోయాను. నువ్వు కెమెరా ఎత్తావు. మసకలో కొట్టుకుపోతానులే అనుకున్నాను. ఇన్నాళ్ళూ వేరేవాళ్ళని మసకలో పెట్టి బతికినవాణ్ణి, ఆ రోజు నేనూ దాక్కోవాలనుకున్నాను. నువ్వు కన్ను చికిలించడం నా అదృష్టం. పదహారో తేదీ కార్డులో రాసినదంతా అబద్ధం. చలి ఒక్కటే నిజం.

నిన్న గోడ మీంచి ఆ ఫోటో దించాను. వెనక అట్ట మీద, పరీక్ష కనిపెట్టింది ఎవరో, ఎడమనుంచి ఎన్నో మనిషో రాసి సంతకం పెట్టాను. కార్ఖానా పెద్దలకి అదే మాట వేరే కాగితం మీద రాసిచ్చాను. ఆలస్యమైపోయిందని వాళ్ళు మొహమాటంగా నవ్వారు. అయింది. అయినా తీసుకున్నారు.

పదిహేనో తేదీ ఆదివారం పొద్దుటి బండికి వస్తున్నాను. కత్తి తెస్తున్నాను. నిజంగానే మొద్దుబారింది, టొమాటో కూడా తెగడం లేదు. వరసలో నిలబడతాను. ఫుకు అవ్వని నా చేపల పొట్లం తీసి ఉంచమను.

నువ్వు ఫోటో తియ్యక మానవు, నాకు తెలుసు. చికిలించే తియ్యి. నేను ముందుంటే మాత్రం తియ్యకు. ఆమె ముందుండాలి. నేను వెనక నిలబడతాను, మొహం కనబడేలా.

తొకుజి మామయ్య